మావయ్యగారి నాలుగు మార్కులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒక మనిషి సినిమాలకు వేసిన మార్కుల్ని బట్టి వాళ్లకు ఏది నచ్చుతుందో చెప్పొచ్చా? ఈ విషయం మీద విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో నలుగురికీ పనికొచ్చేవి ఏరి ఇక్కడ ఇస్తున్నాం. రాసినవాళ్ల పేర్లు తీసేసి పేటలు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా మావయ్యగారికి డెబ్భై నాలుగేళ్లు. చూసిన ప్రతి సినిమాకీ అయిదుకి ఇన్ని అని డైరీలో మార్కులు వేసుకునే అలవాటు. రెండేళ్లలో 64 సినిమాలయ్యాయి. ముప్ఫయ్యింటికి 5, పాతికింటికి 4, ఏడింటికి 3, రెండింటికి 2. చూడబోతే అన్నీ బాగున్నాయనే అంటున్నట్టుంది. తీరా నేను ఏరికోరి పెట్టిన సినిమా మధ్యలో లేచి వెళ్లి పడుకుంటారు. ఈ డైరీలోంచి ఆయనకు నచ్చేది పట్టుకోవడం ఎలా?
(ఒక కోడలు, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: ముందు ఆయన సగటు కట్టండి. మీరిచ్చిన అంకెల మొత్తం 275. 64తో భాగిస్తే 4.3. అంటే ఆయనది ధారాళమైన చెయ్యి. ఆ చేతి నుంచి వచ్చిన 4 మెచ్చుకోలు కాదమ్మా, ఆయన సగటుకు 0.3 కిందే. ‘పర్లేదులే’ అన్నమాట. 3 అంటే బాగాలేదని, 2 అంటే ఇంకోసారి ఇలాంటిది పెట్టొద్దని. ఆయన 4 వేసినవి చూసి, అలాంటివే వెతికి పెడుతున్నట్టున్నారు మీరు. తేడా అక్కడే వస్తోంది.

ఇది సగం పనే. ఆయన 5 వేసినవన్నీ ఒకటి కాదు. 1957 నాటి మాయాబజార్‌కి ఆయన 5 వేశారంటే దానివల్ల మీకు కొత్తగా తెలిసేదేమీ లేదు, మీ వీధిలో ఎవరిని అడిగినా అంతే వేస్తారు. ఊరంతా పెదవి విరిచిన సినిమాకి ఆయన 5 వేశారా? అదీ పట్టుకోవాల్సింది. అందుకని ప్రతి సినిమాకీ జనం ఇచ్చిన సగటు పక్కన రాసుకోవాలి. అన్నీ ఒకే సైటు నుంచి తీసుకోండి, రెండు సైట్లు కలిపితే లెక్క చెడుతుంది. అక్కడ పదికి ఉంటే అయిదుకి మార్చాలి. ఊరికే సగం చేయకండి, ఎందుకంటే ఆ కొలత సున్నా నుంచి కాక 1 నుంచి మొదలవుతుంది. ఒకటి తీసేసి, 4తో హెచ్చవేసి, 9తో భాగించి, మళ్లీ ఒకటి కలపండి. 7.8 అలా చేస్తే 4.0 అవుతుంది, సగం చేస్తే 3.9. పై మార్కుల్లో తేడా ఇంతే గానీ కిందికి వచ్చేకొద్దీ పెరుగుతుంది. పదికి 3 వచ్చిన సినిమా సగం చేస్తే 1.5, సరిగ్గా మారిస్తే 1.9.

ఆ 64 సినిమాలకూ జనం సగటు 3.6 వచ్చిందనుకుందాం. మావయ్యగారు జనం కంటే 0.7 ఎక్కువ వేస్తున్నారన్నమాట. కాబట్టి ఏ సినిమాకైనా ఆయన నుంచి ఎదురుచూడాల్సింది జనం సగటుకి 0.7 కలిపినంత. జనం 4.4 ఇచ్చినదానికి ఆయన అంచనా 5.1, అయిదు దాటిపోయింది. అక్కడ ఆయన 5 వేస్తే అందులో విశేషం లేదు. జనం 2.9 ఇచ్చినదానికి అంచనా 3.6. ఆయన 5 వేశారా? 1.4 మిగులు. జనం 4.2 ఇచ్చినదానికి అంచనా 4.9. ఆయన 3 వేశారా? 1.9 లోటు. డైరీలో ప్రతి వరసకీ ఈ మిగులో లోటో వేసి, బాగా మిగిలినవి ఏడెనిమిది, బాగా లోటు పడ్డవి ఏడెనిమిది విడిగా ఒక కాగితం మీద రాయండి. మధ్యలో ఉన్న నలభై పైచిలుకు సినిమాలను ప్రస్తుతానికి పక్కన పెట్టేయొచ్చు.

ఇక ఆ కాగితం ముందు కూర్చోండి. కుటుంబ కథ, యాక్షన్, పౌరాణికం అని కోవలు మాత్రమే చూస్తే చాలామందికి ఏమీ దొరకదు. కథ పల్లెలో నడిచిందా పట్నంలోనా, పాటలెన్ని, కొట్లాటల వాటా ఎంత, నిడివి రెండు గంటలా రెండు గంటల యాభై నిమిషాలా, తెలుగులో తీసిందా డబ్బింగా, కింద వచ్చే అక్షరాలు చదువుకోవాలా, పగలు చూశారా రాత్రి భోజనం తర్వాతా, టీవీలోనా ఫోన్‌లోనా, ఎవరు పెట్టారు, ఇవన్నీ రాయండి. ఆ వయసులో లోటు జాబితా మిగులు జాబితా కంటే ఎక్కువ చెబుతుంది. లోటు పడ్డవన్నీ రాత్రి తొమ్మిదిన్నర తర్వాత మొదలుపెట్టినవే అయితే తప్పు సినిమాది కాదు. చిన్న అక్షరాలు చదవాల్సి వచ్చినవే అయితే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిన పని ఉందేమో చూసుకోండి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. జానపదాలు మూడే ఉన్నాయి, మూడింటి మిగులూ కలిపి 3.0. సగటు 1.0. కుటుంబ కథలు ఇరవై ఉన్నాయి, మొత్తం మిగులు 14. సగటు 0.7. జానపదాలే ఎక్కువ ఇష్టమని తేల్చేస్తారు. మూడు సినిమాల మీద అంత నమ్మకం పనికిరాదు. మొత్తాన్ని సినిమాల సంఖ్యతో కాక, సంఖ్యకి 5 కలిపి భాగించండి. జానపదాలకు 3ని 8తో భాగిస్తే దాదాపు 0.4. కుటుంబ కథలకు 14ని 25తో భాగిస్తే 0.56. ఇప్పుడు వరస తిరగబడింది, నమ్మాల్సిందీ ఇదే. తక్కువ సాక్ష్యం ఉన్న కోవను ఈ 5 వెనక్కి లాగుతుంది, ఎక్కువ సాక్ష్యం ఉన్నదాన్ని పెద్దగా కదిలించదు. జానపదాలు ఇంకో అయిదారు చూశాక అవే పైకి రావచ్చు, రానివ్వండి.

మీ లెక్క ఒప్పో తప్పో తేల్చుకోవడానికి డైరీలో చివరి పది సినిమాలు మూసిపెట్టి, ముందున్న 54తోనే లెక్క కట్టి, ఆ పదికీ ఆయన ఎంత వేసి ఉంటారో (జనం సగటుకి ఆయన ఎక్కువ వేసేదీ, ఆ కోవ మిగులో లోటో కలిపి) రాయండి. అక్కడక్కడా ఏరిన పది వద్దు, తేదీ ప్రకారం చివరివే కావాలి. రేపటి సినిమా గురించి కదా మీ ప్రశ్న. తర్వాత తీసి చూసి, ఒక్కోదానిలో తేడా ఎంతో కూడి పదితో భాగించండి. పోల్చుకోవడానికి ఒక అంకె చెబుతాం: ఏ ఆలోచనా లేకుండా 64 సినిమాలకూ 4.3 అనే రాసినా సగటు తప్పు 0.66 మాత్రమే. మీ తప్పు అంతకంటే తగ్గకపోతే కోవల విభజన సరిగ్గా లేదన్నమాట. మళ్లీ కాగితం ముందుకు రండి.

ఒకటి మిగిలింది. లేచి వెళ్లిపోయిన సినిమాలకు ఆయన డైరీలో మార్కు వేస్తారా? చాలామంది వెయ్యరు. అందుకే ఆ డైరీ అంత తియ్యగా కనబడుతోంది. ఇకనుంచి మీరే ఇంకో గడి గీసి, ఎన్నో నిమిషంలో లేచారో రాయండి. పది సినిమాలకు రాసేసరికి, ముప్ఫయ్యో నిమిషం లోపు లేచినవాటికీ గంటన్నరకి లేచినవాటికీ కారణాలు వేరని మీకే తెలుస్తుంది. మొదటివి నచ్చనివి, రెండోవి చాలావరకు నిద్ర.

ప్రశ్న: ఇంట్లో అందరికీ ఓటీటీలో ఒకటే ప్రొఫైలు. పొద్దున మనవడి కార్టూన్లు, మధ్యాహ్నం నా సీరియళ్లు, రాత్రి మావారి కొట్లాట సినిమాలు. యాప్ నాకు చూపించేవేవీ నాకు పనికొచ్చేవి కావు.
(లక్ష్మీపురం, గుంటూరు)

జవాబు: యాప్ దృష్టిలో మీ ముగ్గురూ కలిసి ఒక మనిషి. అలాంటి మనిషి లోకంలో లేరు కాబట్టి అది చూపించేది ఎవరికీ నచ్చదు. మీకొక ప్రొఫైలు, పిల్లాడికి పిల్లల ప్రొఫైలు వేరుగా పెట్టండి. కొత్త ప్రొఫైలులో మొదటి రోజే 15, 20 సినిమాలకు మీ అభిప్రాయం నొక్కండి. అందులో నచ్చనివి కనీసం అయిదు ఉండాలి. నచ్చినవే నొక్కితే మీ హద్దు ఎక్కడుందో దానికి అందదు. పాత ప్రొఫైలే ఉంచుకోవాలంటే చూసిన జాబితాలోకి వెళ్లి కార్టూన్లు తీసేయండి, చాలా యాప్‌లలో ఆ వీలుంది. ఒకటి అయ్యాక తర్వాతిది దానంతటదే మొదలయ్యే ఏర్పాటు కూడా ఆపేయండి. మీరు కునుకు తీసినప్పుడు నడిచిన మూడు భాగాలూ మీరు చూసినవాటిలోకే పోతాయి.

ప్రశ్న: హాస్టల్లో మేం 12 మందిమి. 40 సినిమాలకు అయిదుకి మార్కులు ఎక్సెల్‌లో వేశాం, చూడనివాటికి 0. ఎవరి అభిరుచి ఎవరితో కలుస్తుందో కొరెల్ ఫార్ములాతో (రెండు వరసల అంకెలు ఎంతగా కలిసి నడుస్తాయో −1 నుంచి 1 వరకు చెప్పేది) చూస్తే వచ్చిన జంటలు అస్సలు నమ్మేలా లేవు. 0 తీసేసి ఖాళీ పెడితే కొందరికి సరిగ్గా 1 వస్తోంది, ఒకడికి ఎర్రర్ వస్తోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాం?
(ఇంజినీరింగ్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మూడు చోట్ల తప్పింది బాబూ, మూడూ సరిచేసుకోవచ్చు.

0 సంగతి ముందు. కొరెల్ ఖాళీ గడిని వదిలేస్తుంది, 0ని మాత్రం మార్కుగానే తీసుకుంటుంది. ఇద్దరూ చూడని సినిమాలు ఇరవై ఉంటే, ఆ ఇరవై చోట్లా ఇద్దరూ సున్నాలు వేసి ఒకేలా అసహ్యించుకున్నట్టు లెక్క తేలుతుంది. మీ షీటులో కలిసింది అభిరుచి కాదు, ఏ ఇద్దరు కలిసి సినిమాకి వెళ్లారో, ఏ ఇద్దరు రూములో ఉండిపోయారో అది. ఖాళీ పెట్టడమే సరైన పని.

ఇక సరిగ్గా 1 వచ్చిన జంటలు. వాళ్లిద్దరూ చూసిన సినిమాలు ఎన్ని ఉమ్మడిగా ఉన్నాయో లెక్కపెట్టండి, రెండే ఉంటాయి. రెండు చుక్కల మధ్య ఎప్పుడూ ఒక సరళరేఖ పోతుంది, కాబట్టి రెండు సినిమాలతో +1 గానీ −1 గానీ తప్ప ఇంకేమీ రాదు. అది స్నేహమూ కాదు, వైరమూ కాదు. వచ్చిన అంకెని ఉమ్మడి సినిమాల సంఖ్యతో హెచ్చవేసి 10తో భాగించండి, పది దాటితే అలాగే ఉంచేయండి. మూడు సినిమాల మీద వచ్చిన 0.9 అప్పుడు 0.27 అవుతుంది, తొమ్మిది సినిమాల మీద వచ్చిన 0.6 మాత్రం 0.54 దగ్గర నిలబడుతుంది. లక్షల రేటింగులున్న చోట ఈ 10కి బదులు 50 వాడిన పరిశోధనలున్నాయి. 40 సినిమాల షీటుకి అంత పెడితే అందరి అంకెలూ అణిగిపోతాయి.

ఎర్రర్ వచ్చిన అబ్బాయి ఉమ్మడి సినిమాలన్నింటికీ ఒకే మార్కు వేసి ఉంటాడు. ఎత్తుపల్లాలే లేని చోట కొలవడానికేమీ లేదు, సున్నాతో భాగించాల్సి వస్తుంది. ఇంకొన్ని సినిమాలు అడిగి వేయించండి.

ఇవి సరిచేశాక కూడా అందరూ అందరితో కలుస్తున్నట్టే కనిపిస్తే, కారణం సూపర్ హిట్లు. వాటికి 12 మందీ 5 వేస్తారు. మొదటి జవాబులో చెప్పినట్టు ప్రతి మార్కులోంచీ ఆ సినిమా సగటు తీసేసి, మిగులు, లోటులతో కొరెల్ కట్టండి. జంటలు ఒక్కసారిగా వేరే వస్తాయి.

పెద్ద పద్ధతుల గురించి కూడా వినే ఉంటారు. నెట్‌ఫ్లిక్స్ 2006 అక్టోబరులో పది లక్షల డాలర్ల పోటీ పెట్టింది. 4,80,189 మంది, 17,770 సినిమాలు, పది కోట్లకు పైగా రేటింగులు. సంస్థ పద్ధతి చేసే తప్పును 10 శాతం తగ్గించినవాళ్లకు బహుమతి. 2009 సెప్టెంబరులో బెల్‌కోర్స్ ప్రాగ్మాటిక్ కేయాస్ అనే జట్టు తప్పును 0.9525 నుంచి 0.8567కి తెచ్చి గెలిచింది. అందులో బాగా పనిచేసిన ఉపాయాల్లో ఒకటి, ప్రతి మనిషినీ ప్రతి సినిమానీ కొన్ని పదుల దాగిన లక్షణాలుగా విడదీసి, రెండింటినీ హెచ్చవేసి మార్కు ఊహించడం. అన్ని కోట్ల రేటింగులున్నా అక్కడ నిండిన గళ్లు నూటికి ఒకటి పైచిలుకే. ఆ లక్షణాలను పట్టడానికి అంత సరుకు కావాల్సి వచ్చింది. మీ షీటులో మొత్తం గళ్లు 480. దాని మీద ఆ పద్ధతి నడిపితే మీరు వేసిన మార్కుల్ని బట్టీ పట్టేసి, కొత్త సినిమాకి నోటికొచ్చింది చెబుతుంది. సాధన చేయాలనుంటే మినెసోటా విశ్వవిద్యాలయం వాళ్ల మూవీలెన్స్ డేటా తీసుకోండి. చిన్నదానిలో 943 మంది, 1,682 సినిమాలు, లక్ష రేటింగులున్నాయి, ఒక్కొక్కరూ కనీసం 20 సినిమాలకు వేశారు. లాప్‌టాప్ మీద హాయిగా నడుస్తుంది.

ప్రశ్న: డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో పనిచేస్తాను. విడుదల రోజు పొద్దున్నే యాప్‌లో 9కి పైగా ఉన్న రేటింగ్ సోమవారానికి 7 లోపు పడుతోంది. ఈ అంకెల్ని బట్టి జనానికి ఏం కావాలో అర్థం చేసుకోవచ్చా?
(గాంధీనగర్, విజయవాడ)

జవాబు: అర్థం చేసుకోవచ్చు, సగటుని పక్కన పెడితే. పొద్దున ఆటకి వచ్చేది ఆ హీరోని ముందే ఇష్టపడేవాళ్లు. వాళ్లు నచ్చుతుందని తెలిసే వచ్చారు. సోమవారం ఓటు వేసేది శని, ఆదివారాల్లో పిల్లలతో వచ్చినవాళ్లు. సినిమా మారలేదు, ఓటు వేసే మనుషులు మారారు. కాబట్టి శుక్రవారం అంకెని సోమవారం అంకెతో పోల్చి పడిపోయిందనుకోకండి. గతంలో అదే స్థాయి హీరో సినిమాకి శుక్రవారం ఎంత ఉందో దాంతో పోల్చండి.

సగటు ఎందుకు పనికిరాదో చూడండి. 400 ఓట్లు పడ్డాయి: 240 మంది 10, 120 మంది 1, మిగతా 40 మంది ఆరు చొప్పున. సగటు 6.9. ఇంకో సినిమాకి అందరూ 6, 7, 8 వేశారు, దానికీ 6.9. రెండోది ఇంటిల్లిపాదీ చూసి ‘పర్వాలేదు’ అనుకున్న సినిమా. మొదటిదాన్ని 6.9 సినిమా అనుకున్న మనిషి ఊళ్లో ఒక్కరూ ఉండరు. అది అభిమానులకూ అవతలి హీరో అభిమానులకూ మధ్య జరిగిన యుద్ధం. యాప్‌లో ఏ మార్కుకి ఎన్ని ఓట్లో చూపించే పట్టీలుంటాయి, వాటిని చూడండి. పదులూ ఒకట్లూ వదిలేసి, 4 నుంచి 8 వరకు వేసినవాళ్లు రాసిన మాటలు చదవండి. సెకండాఫ్ సాగింది, పాటలు అడ్డం పడ్డాయి, పిల్లలు భయపడ్డారు లాంటి పనికొచ్చే మాటలన్నీ అక్కడే ఉంటాయి.

తక్కువ ఓట్ల సినిమాను ఎక్కువ ఓట్లదానితో పోల్చాలంటే రెండింటికీ 500 ఉత్తుత్తి ఓట్లు కలపండి, వాటి విలువ మీరు చూసే సినిమాలన్నింటి సగటు, 6.5 అనుకుందాం. 40 ఓట్లతో 9.4 ఉన్న సినిమా 6.7 అవుతుంది. 2,000 ఓట్లతో 7.8 ఉన్నది 7.5 దగ్గర ఆగుతుంది. సినిమా రేటింగుల సైటు ఐఎండీబీ తన టాప్ 250 జాబితాకు వాడేదీ ఈ కోవ సూత్రమే. ఇంకో మాట: కృష్ణా, గుంటూరు వేర్వేరు ఏరియాలని మీ ఆఫీసుకి మేం చెప్పాల్సిన పని లేదు. యాప్ అంకె రాష్ట్రం దాటి, దేశం దాటి వచ్చిన ఓట్లది. మీ రెండు ఏరియాల సంగతి దాంట్లో వెతక్కండి. మ్యాట్నీ, ఫస్ట్ షో టికెట్ల లెక్క మీ దగ్గరే ఉంది, అది నమ్మండి.

ప్రశ్న: అయిదు చుక్కలా, పదా, లేక బొటనవేలు చాలా? పైగా పోయిన ఏడాది 3 వేసిన సినిమాకి ఇప్పుడు చూస్తే 5 వేయాలనిపిస్తోంది.
(పటమట, విజయవాడ)

జవాబు: ఇంట్లో రాసుకోవడానికి అయిదు చాలు, కానీ ఒక్కో అంకెకి ఒక మాట ముందే రాసుకోండి. 5 అంటే మళ్లీ చూస్తాను, 4 అంటే పక్కింటివాళ్లకు చెబుతాను, 3 అంటే చూశాను అంతే, 2 అంటే టైము పోయింది, 1 అంటే పూర్తి చేయలేదు. మాట లేని అంకె నెలనెలకీ జారిపోతుంది. నెట్‌ఫ్లిక్స్ 2017లో చుక్కలు తీసేసి బొటనవేలు పెట్టింది, 2022లో ‘చాలా నచ్చింది’కి రెండు వేళ్లు కలిపింది. ఉత్త అవును, కాదులతో ఇష్టానికీ మహా ఇష్టానికీ తేడా తెలియదు మరి. మార్కు మారడం సహజమే. ఒక మార్కు అటూ ఇటూ కావడాన్ని పట్టించుకోవద్దు, రెండు మార్కుల తేడా వస్తే పాతది కొట్టేయకుండా పక్కనే తేదీ వేసి కొత్తది రాయండి. చాలా చెత్త సినిమా చూసిన మర్నాడు మామూలు సినిమాకి కూడా ఎక్కువ పడుతుంది. అందుకే మార్కు వేసేటప్పుడు అంతకుముందు వేసినవి చూడకండి.

ప్రశ్న: నా రేటింగులన్నీ ఇస్తే నా అభిరుచి చెబుతానని ఒక కొత్త యాప్ అంటోంది. పేరు, ఫోన్ నంబరు అక్కర్లేదంటున్నారు. ఇవ్వొచ్చా?
(అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: పేరు లేకపోయినా మనిషి దొరుకుతాడు. నెట్‌ఫ్లిక్స్ పైన చెప్పిన పోటీకి విడుదల చేసిన డేటాలోనూ పేర్లు తీసేసే ఇచ్చింది. అర్వింద్ నారాయణన్, విటాలీ ష్మటికోవ్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో చూపించింది ఇదీ: ఒక మనిషి వేసిన ఎనిమిది రేటింగులు తెలిస్తే, అందులో రెండు పూర్తిగా తప్పయినా, తేదీలు రెండు వారాలు అటూ ఇటూ అయినా, నూటికి 99 రికార్డులను విడిగా గుర్తుపట్టొచ్చు. గోప్యత మీద కేసు నడిచాక, 2010లో ఆ సంస్థ రెండో పోటీని విరమించుకుంది.

మిమ్మల్ని పట్టిచ్చేవి ఊరంతా చూసిన హిట్లు కావు. మీరూ ఇంకో పదిమందీ మాత్రమే చూసినవి. మీ అభిరుచి చెప్పేవీ అవే కాబట్టి, అవి దాచిపెట్టి ఇస్తే యాప్ చెప్పేదానిలోనూ పస ఉండదు. ఇవ్వాలనే అనుకుంటే ఫైలులో తేదీల గడి మొత్తం తీసేయండి, రాసిన అభిప్రాయాలు తీసేయండి. మీ ఆరోగ్యం గురించో, రాజకీయం గురించో, ఇంటి సంగతుల గురించో ఎదుటివాళ్లు ఊహించడానికి వీలిచ్చే సినిమాల వరసలు కొట్టేయండి. ఆ పైన మిగిలినవి నలభై ఉంటే ఇవ్వండి. పదిహేను లోపే మిగిలితే ఆ పని మీరే కాగితం మీద పైన చెప్పిన మిగులు, లోటు లెక్కతో చేసుకోండి, ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది.